కాలువకున్న సలహా మండలి బస్సుకెందుకు లేదు?

గోదావరి డెల్టాలో వ్యవసాయం ఉన్న ఇంట్లో పుట్టినవాడికి 'ఐఏబీ మీటింగ్' అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. సాగునీటి సలహా మండలి. పంటకి ముందు జిల్లా కేంద్రంలో కూర్చుంటారు. మధ్యలో కలెక్టరు గారు, పక్కన ఇరిగేషన్ ఎస్‌ఈ, వ్యవసాయ శాఖ వాళ్ళు, ఎదురుగా ఎమ్మెల్యేలు, నీటి సంఘాల ప్రెసిడెంట్లు, రైతు నాయకులు. గోదావరిలో నీరెంతుంది, దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, సీలేరు నుంచి ఎంత తెచ్చుకోగలం, పోయినేడు కాలువ చివరి శివారు పొలాలకి ఎందుకు అందలేదు అని గట్టిగానే కేకలేసుకుంటారు. లేచేసరికి మాత్రం నీళ్ళు ఎప్పుడు వదులుతారు, నీళ్ళు ఆపి కాలువలు ఎప్పుడు కట్టేస్తారు, ఎంత ఆయకట్టుకి ఇస్తారు అన్నది తేలిపోతుంది. మర్నాడు పేపర్లో ఆ తేదీ చూసుకునే ఊళ్ళో విత్తనం నానబోస్తారు, దమ్ముకి ట్రాక్టరు మాట్లాడుకుంటారు, నాట్ల కూలీలకి కబురు పెడతారు.

పేరుకి అది సలహా మండలే. సలహా పాటించకపోతే జైల్లో పెట్టే అధికారం దానికేమీ లేదు. అయినా అక్కడ అనుకున్న తేదీకి నీళ్ళు రాకపోతే ఆ ఇంజనీరు ఫోను ఆగకుండా మోగుతుంది. పది లక్షల ఎకరాల డెల్టా ఆ తేదీ మీద ఆధారపడి ఉంది కాబట్టి దానికా బలం. మరీ విసిగిస్తే రైతు 2011లో కోనసీమలో చేసినట్టు పొలం బీడు పెట్టి క్రాప్ హాలిడే అంటాడు. అప్పుడు ఢిల్లీ దాకా కదులుతారు.

ఇక రోడ్ల సంగతి, బస్సుల సంగతి చూద్దాం. కమిటీలకి కరువేం లేదు. మోటారు వాహనాల చట్టం 215వ సెక్షను కింద జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంది. ఎంపీ గారి అధ్యక్షతన కేంద్ర పథకాల పనులు చూసే దిశ కమిటీ ఉంది. ఇన్‌చార్జి మంత్రి గారు వచ్చి పెట్టే జిల్లా సమీక్షా కమిటీ, డీఆర్‌సీ ఉంది. రైల్వే వాళ్ళకి వినియోగదారుల సంప్రదింపుల కమిటీ ఉంది. పట్టణాభివృద్ధి సంస్థలకి పాలకమండళ్ళున్నాయి. ఆర్టీసీలు పుట్టిన 1950 నాటి చట్టంలోనే, 17వ సెక్షనులో, రాష్ట్ర ప్రభుత్వం సలహా మండళ్ళు వేసుకోవచ్చని రాసి ఉంది. ఇన్నుండీ, ఏ మీటింగు తర్వాతైనా 'మీ ఊరి ఆరింటి బస్సు ఫలానా తేదీ నుంచి మళ్ళీ తిరుగుతుంది' అని పేపర్లో చదివి ఎవరైనా పనులు చక్కబెట్టుకున్నారా? నాకైతే గుర్తు లేదు.

నేను కొబ్బరి వ్యాపారంలో లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. కారు లేదు, బండి నడపడం కళ్ళ ఆపరేషన్ అయ్యాక మానేశాను. బస్సు, షేర్ ఆటో, ఏరు దాటించే పంటు, ఇవే నా వాహనాలు. కాబట్టి ఇందులో నా స్వార్థం లేదని చెప్పను, ఉంది.

కొన్నేళ్ళ కిందట మా వర్తక సంఘం ప్రెసిడెంటు గారికి ఒంట్లో బాగోక ఆయన బదులు నన్నొక కమిటీ మీటింగుకి పంపారు. ఏ ఊరో, ఏ కమిటీయో చెప్పను, అన్నీ అలాగే ఉంటాయి. వెనకాల ఫ్లెక్సీ, బల్ల మీద నీళ్ళ సీసాలు. అజెండా కాగితం చేతికిచ్చారు. లెక్కల మనిషిని కదా, వెలుతురుకి పెట్టి చూశాను. పాత మీటింగు కాగితమే. తేదీ మీద వైట్‌నరు పూసి కొత్త తేదీ వేసి జిరాక్సు తీశారు. అయిదో అంశం 'గత సమావేశ నిర్ణయాలపై తీసుకున్న చర్యలు'. దాని ఎదురుగా గడి ఖాళీ. ఆ ఖాళీ కూడా పోయినసారిదే అనుకుంటాను.

ఒకాయన తన వీధి లైటు గురించి మాట్లాడారు. ఇంకొకాయన ఎమ్మెల్యే గారిని పొగిడి కూర్చున్నారు. నా వంతు వచ్చినప్పుడు మా వైపు ఊరికి నైట్ హాల్ట్ బస్సు ఎందుకు ఎత్తేశారని అడిగాను. ఆర్టీసీ తరఫున వచ్చినాయన చాలా మర్యాదస్తుడు. "ఓఆర్ లేదండి, బళ్ళు ఖాళీగా తిరుగుతున్నాయి" అన్నారు. ఓఆర్ అంటే సీట్లు ఎంతవరకు నిండాయన్న లెక్క. "ఓఆర్ రోజు మొత్తానికి తీశారా, పొద్దున్న ఆరింటి ట్రిప్పుకి విడిగా తీశారాండి?" అన్నాను. ఆయన ఫైలు తిరగేసి, "ట్రిప్పువారీ నా దగ్గర లేదండి, తెప్పిస్తాను" అన్నారు. ఈలోగా గారెలు వచ్చాయి. ఫోటో తీశారు. బయటికొచ్చాక అందరూ కార్లెక్కారు, బళ్ళు స్టార్టు చేశారు. బస్టాండు వైపు నడిచింది నేనొక్కణ్ణే. ఆర్టీసీ ఆయన కూడా జీపులోనే వెళ్ళారు.

నైట్ హాల్ట్ అంటే పట్నం వాళ్ళకి తెలియకపోవచ్చు. రాత్రి ఆఖరి ట్రిప్పు ఊళ్ళోకొచ్చి రామాలయం దగ్గరో స్కూలు దగ్గరో ఆగిపోతుంది. డ్రైవరు, కండక్టరు అక్కడే పడుకుంటారు, ఎవరో ఒకరు కాఫీ పంపుతారు. తెల్లారగట్ల మొదటి ట్రిప్పు ఊళ్ళోంచే బయల్దేరుతుంది. కాలేజీ పిల్లలు, ఆసుపత్రిలో స్వీపర్లు, చేపల బుట్టలవాళ్ళు, పూల మూటలవాళ్ళు, అందరికీ అదే ఆధారం. మధ్యాహ్నం పదకొండింటి ట్రిప్పులో నలుగురే ఉండొచ్చు, ఆరింటి ట్రిప్పులో కాలు పెట్టే చోటుండదు. రెండూ కలిపి సగటు తీస్తే బస్సు 'నష్టాల సర్వీసు' అవుతుంది. ఈ సగటు మాయ నాకు కొత్త కాదు. పదిమంది అప్పుల మధ్య ఒక మంచి ఖాతా పెట్టి బ్యాంకుకి చూపించిన కొట్లు నేనెరుగుదును.

ఇప్పుడు లెక్కలు లేవనే సాకు కూడా పోయింది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం. కండక్టరు మిషన్ మీద కొట్టే ప్రతి సున్నా టికెట్టుకీ ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ, టైము ఉంటాయి. ఏ ఊరి ఆడవాళ్ళు ఎన్నింటికి ఎక్కడికి వెళ్తున్నారో సర్వే కంపెనీకి కోట్లు పోసినా రాని సమాచారం ప్రతి డిపోలోనూ రోజూ పోగవుతోంది. అందులోంచి ఊరివారీ, ట్రిప్పువారీ ఒక్క పేజీ తీసి బల్ల మీద పెట్టమని అడిగేవాడు కావాలి. అడగడానికే కమిటీ.

రోడ్ల దగ్గరికొస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. మా డెల్టాలో రోడ్డు సగం చోట్ల కాలువ గట్టే. గట్టు ఇరిగేషన్ వాళ్ళది, దాని మీద తారు రోడ్లు భవనాల శాఖ (ఆర్‌అండ్‌బీ) వాళ్ళదో పంచాయతీరాజ్ వాళ్ళదో, పక్కన కరెంటు స్తంభం ఇంకొకరిది, అడుగున మంచినీళ్ళ పైపు మరొకరిది. ఊళ్ళో సిమెంటు రోడ్డు ఉపాధి హామీ మెటీరియల్ డబ్బుల్లోంచి వస్తుంది, ఊరు దాటగానే గోతులు మొదలు. చేపల లారీ, ధాన్యం లారీ, కొబ్బరి లారీ అన్నీ ఈ గట్టు మీదే. దమ్ము చక్రాలు విప్పకుండా తారు మీద ట్రాక్టరు తోలేవాళ్ళు సరేసరి, ఆ పాపంలో మా బంధువులూ ఉన్నారు. గట్టు జారితే ఎవరు వేయాలో తేలేలోపు రెండో వాన పడుతుంది.

ఇదంతా తెలిసిందే. పెద్దగా ఎవరూ మాట్లాడని సంగతి ఇంకొకటుంది, ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

డెల్టాలో కాలువ మీద వంతెన కట్టాలంటే, కల్వర్టు వెడల్పు చేయాలంటే, గట్టుకి రాతి రివిట్‌మెంట్ వేయాలంటే కాలువలో నీళ్ళుండకూడదు. నీళ్ళు లేని రోజులు ఏడాదిలో ఎన్ని? దాళ్వా కోతకొచ్చాక, మంచినీటి చెరువులు నింపుకున్నాక, ఏప్రిల్లో కాలువలు కట్టేస్తారు. ఈమధ్య మళ్ళీ జూన్ 1కే వదలాలంటున్నారు. తుఫాన్ల లోపు సార్వా, అంటే తొలి పంట, చేతికి రావాలంటే అదీ సబబే. అంటే నికరంగా దక్కేది నెలన్నర. దాళ్వా ఆలస్యమైతే అదీ లేదు. ఇప్పుడు ప్రభుత్వం లెక్క చూడండి. ఏప్రిల్ 1న కొత్త ఆర్థిక సంవత్సరం. బడ్జెట్ విడుదల, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు అయ్యేసరికి జూన్ దాటుతుంది. కాంట్రాక్టరు కంకర దింపే రోజుకి కాలువ నిండుగా పారుతూ ఉంటుంది. పని మళ్ళీ ఏప్రిల్‌కి. మళ్ళీ ఏప్రిల్‌కి రేట్లు మారాయని కాంట్రాక్టరు రాడు, లేదా పాత బిల్లు రాలేదని రాడు. ఇలా ఒక్క నెల తేడాతో రెండు మూడేళ్ళు జారిపోయిన వంతెనల దగ్గర మీరూ ఆగే ఉంటారు. లాకుల దగ్గర ఇరుకు వంతెన మీద ఇటు బస్సు, అటు లారీ ముఖాముఖి నిలబడి, మధ్యలో ఒక పెద్దమనిషి దిగి "వెనక్కి, వెనక్కి, ఇంకా రానీ" అంటూ చేతులూపుతుంటే చూస్తూ కూర్చుంటాం.

కాలువ కట్టేసే తేదీ ఐఏబీ మీటింగులో తేలుతుంది. ఆ మీటింగులో వంతెనలు కట్టే ఆర్‌అండ్‌బీ ఇంజనీరుకి మాట్లాడే వంతు లేదు, పనులు మొదలైతే బస్సులు ఎటు మళ్ళించాలో చూడాల్సిన డిపో మేనేజరుని ఎవరూ పిలవరు. పిలిస్తే ఖర్చేముంది? రెండు కుర్చీలు. దాళ్వా మీటింగులోనే 'వచ్చే క్లోజర్‌లో, అంటే కాలువలు కట్టేసే రోజుల్లో, ఈ కాలువ మీద ఈ వంతెన పనులు, అన్ని రోజులు, బస్సులు ఈ దారిన' అని తేల్చి, అందుకు తగ్గట్టు టెండర్లు చలికాలంలోనే ముగించమని రాసుకుంటే సగం జబ్బు కుదురుతుంది. కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త పదవి అక్కర్లేదు.

ఇది నా సొంత తెలివి అనుకోకండి. ఈ డెల్టా పుట్టినప్పుడు నీళ్ళూ రవాణా ఒకే ప్లాను. 1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట లేపినప్పుడు, కాలువలు తవ్వింది పొలాలకీ పడవలకీ కలిపే. లాకులు ఎందుకు కట్టారు? పొలానికి నీళ్ళు పోవడానికి లాకు అక్కర్లేదు, తూము చాలు. పడవ ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దిగాలంటేనే లాకు కావాలి. ధాన్యం, కలప, పెళ్ళివారు అందరూ కాలువల మీదే తిరిగారు. పి.గన్నవరం అక్విడక్టు చూడండి, కింద వైనతేయ, పైన కాలువ. రోడ్లొచ్చాక పడవలు ఆగిపోయాయి. నీటి సగం ఇరిగేషన్ శాఖ పట్టుకుంది, దారి సగం అయిదారు శాఖల మధ్య ముక్కలైంది. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువల్ని నాలుగో జాతీయ జలమార్గం అన్నారు, సంతోషం. నాకు మాత్రం ముందు గట్టు మీద బస్సు కావాలి.

ఏరు దాటడం ఇంకో తలనొప్పి. గౌతమి, వైనతేయ, వసిష్ఠ, మూడు పాయలు మా భూగోళం. సఖినేటిపల్లి నుంచి నరసాపురం ఎదురుగా కనిపిస్తుంది. కేక వేస్తే వినపడదు గానీ దీపాలు లెక్కపెట్టొచ్చు. పంటు మీద దాటాలి, లేదా దిండి–చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. అక్కడ వంతెనకి ఒకటికి నాలుగు ప్రభుత్వాలు మాటిచ్చాయి, శంకుస్థాపన రాళ్ళూ పడ్డాయి. ఎందుకు కదలదంటే డబ్బు ఒక కారణం, ఒప్పుకుంటాను. రెండో కారణం, ఈ ఒడ్డు ఒక జిల్లా, ఆ ఒడ్డు ఇంకో జిల్లా. ఒకప్పుడు తూర్పు, పశ్చిమ. 2022 ఏప్రిల్ 4 తర్వాత కోనసీమ, పశ్చిమ గోదావరి. పేర్లు మారాయి, హద్దు మాత్రం నది మధ్యలోనే ఉంది. ఈ జిల్లా కమిటీ అజెండాలో అవతలి ఒడ్డు ఉండదు, ఆ జిల్లా కమిటీకి ఇవతలి రేవు పట్టదు.

వంతెన సంగతి పెద్దలకి వదిలేద్దాం. చిన్న సంగతి చెబుతాను. మా వైపు ఒక రేవులో సాయంత్రం పంటు ఇవతలి ఒడ్డుకి ఆనే సరికి, గట్టు మీద బస్సు హారన్ కొట్టి కదులుతుంది. రోజూ అంతే. పంటులో ముందు మోటారు సైకిళ్ళు, వాటి మధ్య ఇరుక్కుని మనుషులు. ర్యాంపు పడకముందే కాలేజీ పిల్లలు బురదలోకి దూకి, చెప్పులు చేత్తో పట్టుకుని గట్టెక్కుతారు. కాళ్ళున్న కుర్రాళ్ళకి బస్సు దొరుకుతుంది. చంకలో పిల్లాడు, చేతిలో సంచీ ఉన్న ఆవిడ సగం గట్టు ఎక్కేసరికి వెనక లైట్లు కనిపిస్తాయి. ఆటోవాడు నవ్వుతూ వస్తాడు, అతని తప్పేం లేదు. రేవు పాట పాడుకున్నవాడి టైము వేరు, డిపో టైము వేరు. ఇద్దరూ ఎప్పుడూ ఒక బల్ల దగ్గర కూర్చోలేదు. పావుగంట జరిపితే సరిపోయే పని, రూపాయి ఖర్చు లేదు. పావుగంట జరపమని ఎవరికి చెప్పాలో తెలియక అందరం ఆటో ఎక్కుతున్నాం.

ఖర్చు ఆటో డబ్బులతో పోతే ఫర్వాలేదు. 2018 జూలైలో ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర గౌతమి పాయలో నాటు పడవ బోల్తా పడింది, అందులో బడి పిల్లలున్నారు. ఆ పడవ తగిలింది దేనికి? అక్కడే కడుతున్న వంతెన స్తంభానికి. వంతెన వచ్చేలోపు ఏటి మధ్య లంకలో ఉండేవాళ్ళు ఎలా దాటాలన్నది వంతెన ప్లానులో భాగం కాకపోతే ఇంకెవరి ప్లానులో భాగం?

లంకల గురించి అన్నాను కాబట్టి ఇంకొక్క మాట. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కలెక్టరేట్ కంట్రోలు రూము అంతా ఈ అంకెల మీదే నడుస్తుంది. లంకలకి దారిగా వేసిన కనకాయలంక కాజ్‌వే లాంటివి మొదటి హెచ్చరిక రాకముందే నీట మునిగిన రోజులు ఎన్నో. అప్పటికి అధికారికంగా వరద లేదు, పిల్లలు మాత్రం పడవలో బడికి పోతుంటారు. ఏ కాజ్‌వే ఎన్ని క్యూసెక్కులకి మునుగుతుందో లంకలో ప్రతి ఆడమనిషికీ తెలుసు. బస్సు ఎక్కడిదాకా వస్తుంది, పడవ ఎప్పటినుంచి వేస్తారు అన్న పట్టిక ఆ అంకెకి కట్టాలి. ఆ అంకె తెలిసినావిడ కమిటీలో ఉండాలి.

ఇక నియామకాల సంగతి. 'నామినేటెడ్ పోస్టు పడిందండీ ఆయనకి' అనే మాట మా దగ్గర 'పెళ్ళి కుదిరింది' అన్నట్టు వినిపిస్తుంది. ఎన్నికల్లో తిరిగినవాడికి మార్కెట్ కమిటీ, గుడి ట్రస్టు బోర్డు, ఆసుపత్రి కమిటీ, పట్టణాభివృద్ధి సంస్థ. పార్టీ మనిషిని వేయకూడదని నేననను. బస్సెక్కే పార్టీ మనిషి, కారెక్కే తటస్థుడి కన్నా వెయ్యి రెట్లు నయం. నాకున్న పేచీ ఎంపిక పద్ధతితో. ఎవరు వాడుకుంటారో వాళ్ళ ఊసే ఉండదు.

వాడుకునేవాళ్ళకి కుర్చీ వేయాలని చట్టమే చెప్పిన సందర్భం ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం తీసుకోండి. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళని వాళ్ళే ఎన్నుకోవాలి, అందులో మూడో వంతు ఆడవాళ్ళు. అమలు ఎలా ఉందన్నది వేరే కథ, తోపుడు బండివాణ్ణి కమిషనరు గారి బల్ల దగ్గర కూర్చోబెట్టాలని కాగితం మీదైనా రాశారు. బస్సు ప్రయాణికుడు తోపుడు బండివాడికేం తీసిపోయాడు? బస్సు పాసులున్నవాళ్ళ జాబితా ప్రతి డిపోలో ఉంది. అందులోంచి చీటీలు తీయండి. నవ్వకండి. 2024 అక్టోబరులో మద్యం షాపులకి కలెక్టర్ల సమక్షంలో వీడియో తీస్తూ లాటరీ తీశారు కదా, ఎంత పద్ధతిగా జరిగిందో అందరూ చూశారు. అంత శ్రద్ధలో పదో వంతు పెడితే జిల్లాకి పదిమంది పాసు ప్రయాణికులు దొరుకుతారు. ఏడాది ఉండి దిగిపోతారు, ఇంకో పదిమంది వస్తారు. పోగేసుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి పైరవీలూ ఉండవు.

'ఎన్నికైనవాళ్ళు ఉన్నారు కదా, మళ్ళీ ఈ చీటీల వాళ్ళెందుకు' అని అడగొచ్చు. ఉన్నారా? రాజ్యాంగం 243జెడ్‌డీ కింద ప్రతి జిల్లాకీ ప్రణాళికా కమిటీ ఉండాలి, అందులో అయిదింట నాలుగు వంతులు జిల్లా పరిషత్తు, మున్సిపాలిటీల్లో గెలిచినవాళ్ళ నుంచి రావాలి. 2022లో జిల్లాలు చీలినా, 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్తులు పాత జిల్లాల లెక్కనే నడిచాయి. కోనసీమకి కలెక్టరు అమలాపురంలో, జిల్లా పరిషత్తు గౌతమి అవతల కాకినాడలో. రాజమహేంద్రవరం కార్పొరేషన్‌కైతే 2014లో గెలిచిన కౌన్సిల్ గడువు 2019లో తీరింది, 2021లో రాష్ట్రమంతా మున్సిపల్ ఎన్నికలైనా అక్కడ కాలేదు. డెల్టాకి తలవాకిట ఉన్న నగరం అది. మూడు లక్షల పైచిలుకు జనానికి ఏళ్ళ తరబడి ప్రత్యేకాధికారే కార్పొరేటరు, ప్రత్యేకాధికారే మేయరు. అక్కడ ఆటో స్టాండు ఎక్కడుండాలో ఎవరిని అడిగి తేల్చారు?

2027లో పుష్కరాలు. పుష్కరం పేరు చెబితే నిధులు వస్తాయి, రోడ్లు పడతాయి. ఫలానా రోడ్డు 2003 పుష్కరాలదీ, ఫలానాది 2015దీ అని మావాళ్ళు వయసు కూడా చెబుతారు. 2015లో మొదటి రోజే రాజమండ్రి ఘాటులో తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా పోయారు. కాబట్టి ఈసారి ఘాట్ల మీద శ్రద్ధ పెడతారు, పెట్టాలి కూడా. నా భయమల్లా, పుష్కరాల రోడ్లన్నీ ఘాటు వైపే పోతాయి, ఊరి నుంచి ఆసుపత్రి వైపు పోవు. పన్నెండు రోజుల జనానికి వేసిన రోడ్డు పన్నెండేళ్ళు ఎవరికి పనికొస్తుందో ముందే అడిగేవాళ్ళు ఆ పనుల జాబితా దగ్గర ఉండాలి.

ఇదంతా చెబితే మా తోడల్లుడు గారు ఒక్క మాటలో కొట్టిపారేస్తారు. "ఏవండీ, కమిటీలతో రోడ్లు పడతాయా? ఎమ్మెల్యే గారి దగ్గరికి నలుగురం వెళ్ళి దండేసి అడిగితే పడతాయి." ఆయన చెప్పింది అబద్ధం కాదు. వాళ్ళ ఊరి రోడ్డు అలాగే పడింది, నేనే దాని మీద నడిచాను. అయితే అది ఊరి పొలిమేర దాకా. బస్సు మూడు నియోజకవర్గాలు దాటుతుంది. మధ్యలో ఒక ఎమ్మెల్యే గారికి ఆ గోతులు తన ఓటర్లవి కావనిపిస్తే బస్సు అక్కడే ఆగుతుంది. దండ ఒక రోడ్డుకి పనిచేస్తుంది, టైముటేబుల్‌కి పనిచేయదు. పైగా దండేయడానికి నలుగురు కలవని ఊళ్ళు చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ మంది బస్సు మీదే ఆధారపడ్డవాళ్ళు. రైతులా వాళ్ళు హాలిడే ప్రకటించలేరు. పొద్దున్న పనికి పోకపోతే ఆ రోజు కూలి పోతుంది.

ఐఏబీని నేనేదో ఆకాశానికెత్తుతున్నానని అనుకోకండి. శివారు రైతు ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాడు, వంతులవారీ అని చెప్పి ఎగువన మోటార్లు పెట్టేవాళ్ళు పెడుతూనే ఉన్నారు, అక్కడా పెద్ద గొంతుదే నీరు. అయినా మీటింగు జరిగిందా లేదా, ఏం తేల్చారు, తేల్చినట్టు చేశారా అన్నది ఊళ్ళో పాలేరు కూడా చెప్పగలడు. రవాణాకి నేనడిగేది ఆ పాటి వెలుతురే. ఏడాదికి రెండుసార్లు, కాలువ తేదీలతో పాటే. మినిట్స్ ప్రతి పంచాయతీ బోర్డు మీదా అంటించాలి. కాదన్నదానికి కారణం రాతలో ఇవ్వాలి. 'ఓఆర్ లేదు' అని రాసినా సరే, ఏ ట్రిప్పుకి లేదో రాయాలి.

అలాంటి మండలి అమలాపురంలో ఎప్పుడైనా కూర్చుంటే మొదటి అంశం నేనే రాసిస్తాను. కోటిపల్లి–నరసాపురం రైలు. 2000–01లో మంజూరైన 57 కిలోమీటర్ల లైను. యుద్ధకాలంలో 1940లో పీకేసిన కాకినాడ–కోటిపల్లి పట్టాలు మళ్ళీ వేసి 2004లో బండి తిప్పారు, అక్కడి నుంచి ముందుకి గౌతమి, వైనతేయ, వసిష్ఠ మీద మూడు వంతెనలు. రాష్ట్రం వాటా, భూసేకరణ అంటూ ఇన్నేళ్ళు గడిచాయి. ఎప్పుడొస్తుందో రైల్వే చెప్పాలి, దాని జోలికి నేను పోను. వచ్చిన రోజున మాత్రం ఒక్కో స్టేషన్లో వందలమంది సామాన్లతో దిగుతారు. స్టేషన్ నుంచి ఊళ్ళోకి దారి కాలువ గట్టేనా, కొత్తదా? ఆ దారిలో కాలువ మీద వంతెన బస్సు పట్టేంత వెడల్పుందా? లేకపోతే ఏ ఏడాది క్లోజర్‌లో కడతారు? తెల్లవారుజాము బండికి అందే నైట్ హాల్ట్ ఏ ఊళ్ళో ఉంటుంది? స్టేషన్ రోడ్డు ఆర్‌అండ్‌బీదా, పంచాయతీదా, రైల్వేదా? ఈ అయిదు ప్రశ్నలకీ ఎదురుగా గడులు గీసి, ఒక్కో గడిలో ఒక అధికారి హోదా, ఒక తేదీ రాయించాలి. వైట్‌నరు తీసుకురావద్దని ముందే చెప్పండి.